అలుపు రాని దీమం

ఈ టపా రాయాలా వద్దా అని చాన్నాళ్ళుగా నాన్చుతున్నాను. రాస్తే నా తప్పొకటి నేనే బయట పెట్టుకున్నట్టవుతుంది. రాయకపోతే లోపల కెలుకుతూనే ఉంటుంది. సరే, ఈ శనివారం రిలీజు కూడా లేదు కాబట్టి రాసేస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అమెరికా ముచ్చట. 2024 మార్చిలో ఆన్‌సైట్ పని మీద నెబ్రాస్కాలో ఉన్నాను. మా టీములో ఒకాయనకి వేటంటే ప్రాణం. "మంచుబాతుల వేటకి పోతున్నాం, వస్తావా?" అన్నాడు. తుపాకీ పట్టను, చూస్తానంతే అని చెప్పి వెళ్ళాను. తెల్లారుజామున నాలుగింటికి, గడ్డకట్టే చలిలో, కోసేసిన ఓ మొక్కజొన్న చేన్లో దించాడు. వేటంటే తుపాకీ తీసుకుని తిరగడం అనుకునేవాడిని. అది కానే కాదు. మొదటి రెండు గంటలూ కూలిపనే! పుల్లలకి తొడిగిన తెల్లటి గుడ్డ బాతులు... గాలి దూరితే ఉబ్బి అటూ ఇటూ ఊగుతుంటాయి... అలాంటివి ఆరొందల దాకా చేనంతా గుచ్చాం. కొందరైతే వేలల్లో పెడతారట.

వాటిని పెట్టడానికో లెక్కుంది. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది. అందుకని గాలి మన వీపుకి తగిలేలా పడుకోవాలి. మన ముందు బొమ్మలు లేకుండా కొంత జాగా ఖాళీగా వదలాలి. పైనుంచి చూసే బాతుకి "ఇక్కడ దిగితే బావుంటుంది" అనిపించాల్సింది అక్కడన్నమాట. పడుకోవడానికి నేలబారు గుడారాలు, మనిషి ఒక్కడు వెల్లకిలా పట్టేంత. వాటి మీద అదే చేన్లోని మొక్కజొన్న చొప్ప కప్పాలి. వేరే చేను చొప్ప తెచ్చి కప్పినా రంగు తేడా కనిపెట్టేస్తాయట. ఇవన్నీ అయ్యాక నాలుగు స్పీకర్లు పెట్టి వేల బాతులు అరుస్తున్న రికార్డింగు మోగించారు. తెల్లారాక ఆకాశంలో గుంపు వచ్చింది చూడండి... సుడిగాలిలా తిరుగుతూ, మెల్లగా కిందికి. దూరంగా మనుషులున్నా అనుమానపడే పక్షులు బొమ్మల్ని నమ్మి దిగుతున్నాయి. "ఒంటరి బాతుని ఏ బాతూ నమ్మదు, గుంపుని నమ్ముతుంది" అన్నాడు మావాడు గుసగుసగా.

నాకు అప్పుడు గుర్తొచ్చింది బాతులు కాదు. వనపర్తి పక్కన మా ఊరు, మా చేను గట్టు, మా పొలం పక్క తాత, ఆయన కౌంజుపిట్ట.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కోస్తా వాళ్ళ కోసం చెప్తున్నా. కౌజుపిట్టనే మా పాలమూరు దిక్కు కౌంజు అంటారు. బూడిద, గోధుమ రంగు చారలతో కోడిపిల్లలా ఉండి నేల మీదే పరిగెడుతుంది. పొద్దున్నే "క-తీ-తర్, క-తీ-తర్" అని ఊరంతా వినపడేలా కూస్తుంది. ఎగరడం కంటే ఉరకడమే ఎక్కువ. రాత్రికి తుమ్మచెట్టెక్కి పడుకుంటుంది.

ఈ రకం వేటకి తెలుగులో చక్కటి మాటుంది. దీమం. తోటి పిట్టల్ని రప్పించడానికి మచ్చిక చేసి పెంచే పిట్టని దీమం అంటారు, బ్రౌన్ నిఘంటువులో కూడా ఉంది. వేటగాడు దాక్కునే చోటుకి మాటు. ఇంగ్లీషు వీడియోల్లో గంటసేపు చెప్పేదంతా ఈ రెండు చిన్న మాటల్లో ఇమిడిపోయింది. మనవాళ్ళు ఎన్నాళ్ళుగా ఈ పని చేస్తున్నారో భాషే చెప్తోంది.

తాత తన దీమాన్ని పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాడు. పుట్టలు తవ్వి చెదలు పెట్టి పెంచాడు. అది ఆయన వెనకాలే కుక్కపిల్లలా నడిచేది. చూస్తే ముచ్చటేసేది. ఏ పిట్ట పడితే అది దీమం కాదు. గొంతుండాలి, భయం ఉండకూడదు, కొత్త చోట పంజరంలో కూడా కూయాలి. అలాంటిది తయారవడానికి ఏడాది పట్టేదని అనేవాడు. చీకటితోనే లేచి, వెదురుబుట్ట పంజరం మీద పాత చీర కప్పుకుని బీడుకి పోయేవాడు. పంజరం చుట్టూ చిన్న చిన్న ఉచ్చులు పుల్లలకి కట్టేవాడు. వాళ్ళ నాయన కాలంలో గుర్రపు వెంట్రుకలతో పేనేవారట, ఈయన నాటికి నైలాను. తర్వాత తంగేడు కొమ్మలు నాలుగు అడ్డం పెట్టుకుని మాటులో కూర్చునేవాడు. నన్ను రెండు మూడుసార్లు తీసుకెళ్ళాడు. "దగ్గొస్తే మట్టిల మూతి పెట్టు, ఊకుండు" అనేవాడు.

ఇక్కడో తేడా ఉంది, నెబ్రాస్కా చేన్లో పడుకున్నప్పుడే అర్థమైంది. మంచుబాతు తోడు కోసం వస్తుంది. కౌంజు కొట్లాటకి వస్తుంది. దాని జాగాలో ఇంకో మగపిట్ట కూస్తే అది తట్టుకోలేదు. ముందు జవాబు కూస్తుంది, తర్వాత దగ్గరికొస్తుంది, చివరికి పొదల్లోంచి దూసుకొచ్చి పంజరం మీద పడబోయి కాలు ఉచ్చులో పెడుతుంది. ఒకదాన్ని నమ్మకంతో పడతారు, ఒకదాన్ని పౌరుషంతో పడతారు.

తాతని నేను గొప్ప పర్యావరణవేత్తని చెయ్యబోవట్లేదు. పట్టినవి సంతరోజు అమ్ముకునేవాడు, కొన్ని వండుకునేవాడు. మా ఇంటికీ కూర వచ్చేది, నేనూ తిన్నాను. పైగా అది నేరం. 1972 వన్యప్రాణి చట్టం మొదట వచ్చినప్పుడు చిన్న వేటకీ, పట్టుకోవడానికీ లైసెన్సులుండేవి. 1991 సవరణతో అవి కూడా పోయాయి. ఆ చట్టంలో వేట అంటే చంపడమొక్కటే కాదు, ఉచ్చు పెట్టడం, ఎర వెయ్యడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. ఈ సంగతి ఆయనకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. తెలిసే ఉంటుంది. పంజరం మీద చీర పిట్ట కోసమే కప్పాడని ఇప్పుడు అనుకోలేను.

ఇక నా భాగోతానికొస్తా.

2017 ఎండాకాలం. ఇంజనీరింగ్ సెకండియర్ అయిపోయి సెలవులకి ఊరికొచ్చాను. అంతకుముందే జియో వచ్చింది కదా, ఊళ్ళో అందరి చేతుల్లో నెట్. మా మేనబావ అడిగాడు: "ఏం రా, ఇంజనీరువైతున్నవ్ గద, కౌంజు కూత ఫోన్ల దొరకదా?" దొరక్కేం! పక్షుల కూతలు దాచిపెట్టే ఓ సైటులో నిమిషంలో దొరికింది. అక్కడితో ఆగితే నేను ఇంజనీరునెందుకవుతాను? రికార్డింగులో వెనకాల మోటారు చప్పుడుంటే తీసేశా. గొంతు పెంచా. వెంటవెంటనే కూస్తే పిట్టకి అనుమానం వస్తుందని మధ్యలో ఎగుడుదిగుడుగా ఖాళీలు పెట్టా, ఓసారి ఇరవై సెకన్లు, ఓసారి ముప్ఫయ్యైదు. పావుగంట ఫైలు, అయిపోగానే మళ్ళీ మొదలు. ఒక్కటి మాత్రం సరిగ్గా తీయలేకపోయాను. పన్నెండో సెకను దగ్గర దూరంగా ఎక్కడో ఓ కుక్క మొరుగుతుంది. ఏం చేసినా కూత కూడా దెబ్బతింటోందని వదిలేశా.

నేను రాసిందేదైనా జనం వాడటం అదే మొదటిసారి. అంటే నా మొట్టమొదటి ప్రొడక్షన్ రిలీజు అదేనన్నమాట. ఒక బగ్గుతో సహా :)

మర్నాడు పొద్దున్నే చిన్న బ్లూటూత్ స్పీకరు తంగేడు పొదలో పెట్టాం. ఐదు దొరికాయి. అక్కడ అయిపోగానే పక్క గట్టుకి, అక్కణ్ణుంచి కుంట వెనక్కి. తాత అంతకుముందు ఒక పొద్దుకి ఒకటో రెండో తెచ్చేవాడు, ఏమీ దొరకని రోజులే ఎక్కువ. దారిలో ఆయన ఎదురయ్యాడు. స్పీకరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి అలుపు రాదారా?" అన్నాడు.

"రాదు తాతా, ఒక్కపారి చార్జింగ్ పెడితె ఎనిమిది గంటలొస్తది" అన్నాను గర్వంగా.

ఏమీ అనలేదు. ఇచ్చేసి వెళ్ళిపోయాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. అది మెప్పు కాదని తెలియడానికి నాకు ఏడేళ్ళు పట్టింది, పైగా ఎక్కడో నెబ్రాస్కా దాకా పోవాల్సొచ్చింది.

ఎందుకంటే ఆయన దీమానికి అలుపొచ్చేది. ఎండ ముదిరితే నోరు మూసేది. పైన డేగ నీడ పడితే గప్‌చుప్. అడవిపిట్ట పంజరం మీదికొచ్చి గట్టిగా భయపెట్టిందంటే రోజుల తరబడి కూసేది కాదు. ఒక మనిషి మోయగలిగేది ఒకటో రెండో పంజరాలు. ఒక దీమం చస్తే ఇంకోటి తయారయ్యేదాకా ఏడాది వేట బంద్. మన భాషలో చెప్పాలంటే రేట్ లిమిట్ పనిముట్టులోనే ఉంది, ఎవరూ కోడ్ రాయక్కర్లేదు, ఎవరూ కాపలా కాయక్కర్లేదు. మనిషి ఆశ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దీమానికి అలుపుండటం వల్లే గట్టు మీద నాలుగు పిట్టలు మిగిలాయి. నేను చేసిందల్లా ఆ లిమిట్ ఎత్తెయ్యడం. అది కూడా సరదాకి, సెలవుల్లో.

ఇప్పుడు అమెరికా వాళ్ళ రూల్స్ చూడండి. (వాళ్ళు మహానుభావులని కాదు, తుపాకుల విషయంలో వాళ్ళ గొడవలు వాళ్ళకున్నాయి.) బతికున్న బాతుల్ని దీమంగా వాడటాన్ని 1935లోనే నిషేధించారు. ఎలక్ట్రానిక్ కూతలు కూడా నీటిపక్షుల వేటలో మామూలుగా కుదరవు. మరి నేను చూసిందేంటి? మంచుబాతులు విపరీతంగా పెరిగిపోయి, ఉత్తరాన హడ్సన్ అఖాతం చుట్టూ టండ్రా నేలని గడ్డి వేళ్ళతో సహా పీకేస్తున్నాయని, 1999లో ఆ ఒక్క రకం బాతులకి ప్రత్యేకంగా సడలింపిచ్చారు. స్పీకర్లు పెట్టుకోవచ్చు, తుపాకీలో మూడు తూటాల పరిమితి లేదు, వసంతంలో కూడా వేటాడొచ్చు. అయినా ఆ వేట వాటి పెరుగుదలని ఆపలేకపోయిందని 2011లో శాస్త్రవేత్తలు లెక్కలేసి చెప్పారు. అది వేరే కథ. నాకు నచ్చిందల్లా, అక్కడ పిట్టని బట్టీ, ఏ పనిముట్టుతో పడుతున్నారన్నదాన్ని బట్టీ ఆలోచించారు. స్పీకరు మామూలు వస్తువు కాదని గుర్తించారు.

మన దగ్గర అంతా నిషేధమే కాబట్టి పనిముట్టు గురించి ఎవరికీ పట్టదు. ఫలితం ఏంటంటే, పంజరంతో దొరికినవాడి మీద కేసవుతుంది. పంజరం ఎవరి దగ్గరుంటుంది? తాతలాంటి వాళ్ళ దగ్గర, నల్లమల అంచున చెంచుల దగ్గర, ఊరూరూ తిరిగే పారధి కుటుంబాల దగ్గర. స్పీకరు జేబులో వేసుకుంటే అది పాటలు వినే స్పీకరు. ఫోను ఫోనే. 2022 సవరణ తర్వాత జరిమానా పరిమితి పాతికవేల నుంచి లక్షకి పెరిగింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పెంచారు సరే, కట్టేదెవరన్నదే నా ప్రశ్న.

"అయితే వేట మళ్ళీ తెరవాలంటావా?" అని అడుగుతారు. అననండి. ఏటా పిట్టల్ని లెక్కపెట్టి, ఆ లెక్కని బట్టి అనుమతులిచ్చి, ఆ అనుమతిని అమలు చేసే వ్యవస్థ మనకి వచ్చిన రోజున మాట్లాడుకుందాం. అప్పటిదాకా నిషేధమే నయం. నేనంటున్నది, నిషేధం ఉంది కదా అని మన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకోవద్దని.

"మనకేం సంబంధం, మనం హైటెక్ సిటీలో కూర్చుని జీరాలు మూసుకునేవాళ్ళం" అంటారా? సంబంధం ఉంది. రెండు రకాలుగా.

ఒకటి, కొనేది మనమే. హోటళ్ళలో కౌజుపిట్ట ఫ్రై అని పెట్టేది మామూలుగా ఫారంలో పెంచిన జపాన్ క్వయిలు, దాంతో గొడవ లేదు. కానీ కర్నూలు హైవే మీద కొత్తకోట దాటాక కారాపి, "ఫారంది వద్దన్నా, అడవిది దొరుకుతదా? ఎంతైనా ఇస్త" అని అడిగే బ్యాచ్ ఏ ఉద్యోగాలు చేసేదో నాకు తెలుసు. నేనూ ఆ కార్లో ఉన్నాను ఓసారి. సంతలో ధర ఉంటే అమ్మేవాడు ఆపలేడు. అదే నోటితో పేదవాడి పొట్ట గురించి మాట్లాడటం మనకి బావుండదు.

రెండోది కొంచెం నొప్పి పుట్టిస్తుంది, నా స్నేహితులే ఉన్నారు అందులో. ఐదు లక్షల కెమెరా, అడవిరంగు బట్టలు, మాటు గుడారం. వీకెండు పొద్దున్నే పోయి పిట్ట బయటికి రాకపోతే ఫోనులో కూత పెడతారు. అది పరిగెత్తుకొస్తుంది, ఫోటో వస్తుంది, లైకులొస్తాయి. చంపట్లేదు కదా అంటారు. నిజమే. కానీ పిట్టకి ఆ తేడా తెలీదు కదండీ. తన జాగాలోకి దొంగ వచ్చాడనే అనుకుంటుంది. మేత మానేసి, పెట్టనీ పిల్లల్నీ వదిలేసి, లేని శత్రువు కోసం అరగంట వెతుకుతుంది. మీరు వెళ్ళాక ఇంకో కారు వస్తుంది. మళ్ళీ అదే కూత.

మొన్న 2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, భోగి మంటల తెల్లారి, మా గట్టు మీద కూర్చున్నాను. చలికాలం వీటి కూతలు కాస్త తక్కువేననుకోండి, అయినా నా చిన్నప్పుడు సంక్రాంతి పొద్దున కూడా మూడు దిక్కుల నుంచి వినపడేవి. ఈసారి ఎండెక్కేదాకా కూర్చున్నా ఒక్కటీ కూయలేదు. ఇదంతా నా ఫైలు వల్లేనని చెప్పను. అలా చెప్పుకోవడం కూడా ఓ రకం గొప్పే. ఇటు జూరాల నీళ్ళు, అటు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చి బీళ్ళన్నీ మళ్ళయ్యాయి. నీళ్ళు రావడం తప్పని ఎవడంటాడు, వలసపోయే బస్సుల్ని చూసిన జిల్లా మాది. కానీ జేసీబీలు పొదల్ని లేపేశాయి, గట్లు సన్నబడ్డాయి, గడ్డిమందులొచ్చాయి. కౌంజు దేశంలో అంతరించిపోయే పిట్టేమీ కాదు, ఇంకెక్కడో బోలెడున్నాయి. మా గట్టు మీద లేవు, అంతే. జాగా తగ్గిపోయిన కాలంలోనే అలుపు లేని దీమం కూడా వచ్చిపడింది. రెంటిలో ఒకటైనా మనం ఆపగలిగింది.

తాత పోయి నాలుగేళ్ళయింది. ఆయన పంజరం మా బావ వాళ్ళ కొట్టంలో కోడిపిల్లల్ని కప్పెయ్యడానికి వాడుతున్నారు.

ఆ ఫైలు ఎంత దూరం పోయిందో కూడా చెప్పాలి. 2019లో నాగర్‌కర్నూల్లో చుట్టాల పెళ్ళికి పోతే, విడిదింట్లో ఒకాయన ఫోను తీసి "ఒరిజినల్ కూత, మస్తు పనిచేస్తది" అని అందరికీ వినిపించాడు. పన్నెండో సెకనులో కుక్క మొరిగింది. ఆ మరుసటేడు గద్వాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో, కృష్ణకీ తుంగభద్రకీ నడుమ, ఇంకో పిల్లాడి ఫోనులో అదే. "ఎక్కడిదిరా?" అంటే "గ్రూపుల వచ్చిందన్నా" అన్నాడు. నేను చేశానని చెప్పలేదు. పెళ్ళిలో చెప్పలేదు, నడిగడ్డలో చెప్పలేదు, ఇదిగో ఇక్కడ చెప్తున్నా.

సంక్రాంతికి బావని అడిగాను, అది తీసెయ్యమని.

"నేను తీసేస్త. మరి నువ్వు అందరి ఫోన్లల్ల తీస్తవా?" అన్నాడు.

జవాబు లేదు నా దగ్గర. ఆఫీసులో అయితే తప్పుడు రిలీజు వెళ్తే రాత్రికి రాత్రి వెనక్కి తీసుకుంటాం. దీనికి ఆ వీలు లేదు. అందుకే ఈ టపా.

కౌజు కూత ఫైలు ఎప్పుడైనా మీ గ్రూపులో కనిపిస్తే, పావుగంట ఉంటే, ఓసారి విని చూడండి. పన్నెండో సెకను దగ్గర దూరంగా కుక్క మొరిగితే అది నాదే. ముందుకి పంపకండి. తీసెయ్యండి.